పాముచెవుల మేడమ్

మేడమ్‌కు పాముచెవులని ఆ కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నమ్మనివారు లేరు. పాముకు చెవులెక్కడున్నాయన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. చివరి వరుసలో గుసగుసగా అన్న మాట పక్కవాడికంటే ముందు, గది ఆ కొసన కూర్చున్న ఆమెకే చేరుతుందని అనుభవస్థులు ప్రమాణం చేసి చెప్పేవారు.

"స్టోర్‌కీపర్‌గారూ, మీ వంతు. ప్రింటర్‌తో మొదలుపెట్టండి," అంది మేడమ్.

గది మధ్యలో రెండు బల్లలున్నాయి. కంప్యూటర్‌లోకి సంగతులు చేరవేసే పరికరాలను ఎడమ బల్లమీద, దానిలోంచి బయటికి తెచ్చేవాటిని కుడి బల్లమీద పెట్టాలి. పరీక్ష అంతే. నెగ్గితే గోదాములో అతని కుర్చీ అతనికి ఉంటుంది. తప్పితే రేపటినుంచి గేటు దగ్గర స్టూలు. యజమాని ఆ మాట మొహంమీదే చెప్పేశాడు.

ప్రింటర్ దగ్గరే చిక్కంతా. కాగితం లోపలికీ పోతుంది, బయటికీ వస్తుంది. ఏ బల్లమీద పెట్టాలి?

పక్క కుర్చీలో బావమరిది ఉన్నాడు. అదే గోదాములో గుమాస్తా. ఇందాకే పరీక్ష నెగ్గి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. అడిగితే చెబుతాడు. కానీ ఆ పాముచెవులో?

స్టోర్‌కీపర్ శాస్త్రీయంగా ఆలోచించాడు. చెవి కూడా ఒక ఇన్‌పుట్ పరికరమే. దానికి కావలసింది శబ్దం. శబ్దమే పుట్టకపోతే ఎంత గొప్ప చెవైనా ఏం చేస్తుంది? తన తెలివికి తానే మురిసిపోయి, అనుమానం రాకుండా చూపు మేడమ్ మీదే వినయంగా నిలిపి, గొంతు పూర్తిగా బిగించి, పెదవులు మాత్రం కదిపాడు.

'బామ్మర్దీ, ప్రింటర్ ఎటు?'

బావమరిది ఓరకంట గ్రహించాడు. అతడూ నిటారుగా కూర్చుని, చూపు ముందుకే పెట్టి, అంతే మౌనంగా పెదవులు కదిపాడు.

'బయటికి, బావా!'

"బామ్మర్దిగారూ," అంది మేడమ్ ఆ కొసనుంచి, "బయటికి అన్నారే, ఆ మాట నిజమే. కానీ పరీక్ష మీ బావగారిది."

బావమరిదికి అటుపక్కన, శిక్షణకే వచ్చి కూర్చున్న నర్సమ్మ నోరు తెరిచి, "నేను పక్కనే ఉన్నాను, నాకే వినిపించలేదు! ఇవి చెవులా, ఇంకేమైనానా?" అంది.

స్టోర్‌కీపర్ కళ్లముందు గేటు దగ్గర స్టూలు కదలాడింది. తల దించుకుని లేచాడు.

"పారిపోకండి. రండి ఇలా," అంది మేడమ్. ఆమె గొంతులో కోపం లేదు. "ప్రింటర్ బయటి బల్లే. ఎందుకో మీరు చెప్పండి."

"కాగితం బయటికి వస్తుంది కదా మేడమ్."

"తెల్లకాగితం ముందు లోపలికి పోతోంది మరి?"

"అక్కడే మేడమ్, నా బుర్ర తిరిగిపోతోంది."

"మీ గోదాములోకి ఖాళీ లారీ వచ్చిందనుకోండి. సరుకు వచ్చిందని రాసుకుంటారా?"

"భలేవారే! ఖాళీ లారీ వస్తే సరుకు వచ్చినట్టెలా అవుతుంది? అది సరుకు ఎత్తుకుపోవడానికి..." స్టోర్‌కీపర్ ఠక్కున ఆగాడు. అతని మొహం విప్పారింది. "అమ్మా! తెల్లకాగితం ఖాళీ లారీ! సరుకంటే రాత!"

"కానివ్వండి."

ఇక అతన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. ప్రింటర్‌ను రెండు చేతులా ఎత్తి కుడి బల్లమీద పెట్టాడు. స్కానర్‌ను పట్టుకుని, "ఇందులో పెట్టేది రాసిన కాగితం. అంటే నిండు లారీ! సరుకు దించుకుంటుంది," అంటూ ఎడమకు చేర్చాడు. కీబోర్డు, మౌస్, మైకు దానివెంటే నడిచాయి. స్పీకర్ కుడికి వెళ్లింది. చివరికి టచ్‌స్క్రీన్ చేతికొచ్చినప్పుడు కాసేపు తటపటాయించి, రెండు బల్లలనూ దగ్గరికి జరిపి, సరిగ్గా అతుకుమీద పెట్టాడు.

"బొమ్మ చూపిస్తుంది, వేలితో చెబితే తీసుకుంటుంది. ఒకే షట్టరు, రెండు పనులు!"

"నెగ్గారు," అంది మేడమ్ నవ్వుతూ. "ఆ కుర్చీ మీదే, దర్జాగా కూర్చోండి."

"అడ్డదారి తొక్కబోయి రాచబాటలో పడ్డావు బావా," అని బావమరిది వీపు చరిచాడు.

అందరూ వెళ్లిపోయారు. స్టోర్‌కీపర్‌కు మాత్రం కాలు కదల్లేదు. తెలియనిదాన్ని తన రోజువారీ పనిలోంచే తీసి చూపించిన ఆ నేర్పుకు అతను ఎప్పుడో దాసోహమన్నాడు. కానీ ఆ చెవుల సంగతి తేల్చుకోకుండా ఇంటికి పోలేడు. మేడమ్ అటు తిరిగి తీగలు చుట్టి పెడుతోంది.

"ఒక్క సందేహం మేడమ్," అన్నాడు వెనకనుంచి. "గొంతులోంచి గాలి కూడా రానివ్వలేదు నేను. ఎలా విన్నారు?"

ఆమె తీగ చుట్టడం ఆపలేదు.

"తప్పే చేశాను మేడమ్. క్షమించానని ఒక్క మాటనండి," అన్నాడు గొంతు పెంచి. ఆమె మరో తీగ అందుకుంది. స్టోర్‌కీపర్‌కు కళ్లు చెమర్చాయి. అందరి ముందూ నవ్వినా, లోపల ఇంత కోపం పెట్టుకుందన్నమాట!

అప్పుడే గుమ్మంలోకి మేడమ్ భర్త వచ్చాడు. భార్యను పిలవలేదు. గోడమీది స్విచ్చి రెండుసార్లు నొక్కాడు. గదిలో దీపం ఆరి వెలిగింది. మేడమ్ చటుక్కున వెనక్కి తిరిగి నవ్వింది.

"ఆవిడకేం కోపం లేదు సార్," అన్నాడతను స్టోర్‌కీపర్ భుజంమీద చెయ్యివేసి. "ఎదురుగా నిలబడి అడగండి. పదేళ్ల వయసులో జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి."