బెల్ కొట్టకండి

"మా ఆవిడ అడ్రసు చెప్పు. లేకపోతే ఈ ముసలాడి గొంతు కోస్తా."

పార్సిల్ ఆఫీసు కౌంటరుకి అవతల నుంచుని, బిల్లులు కొట్టే ముసలాయన కాలరు పట్టుకుని ఆ మాటన్నాడు ఆ మనిషి. రెండో చేతిలో మాంసం కొట్టే కత్తి ఉంది. కత్తి కనబడగానే మిగతావాళ్లంతా వెనక తలుపులోంచి పరారయ్యారు, అందరికన్నా ముందు మేనేజరు. చిక్కుకుపోయిన ముసలాయన, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మిగిలారు. సర్వరు బాగోగులు చూసేది ఆ అమ్మాయే. ఆఫీసులో అందరూ కంప్యూటరమ్మాయి అంటారు.

"పేరు చెప్పన్నా, చూస్తాను," అంది ఆ అమ్మాయి.

"పేరు మార్చుకుని తిరుగుతోంది. ఫోన్ నంబరూ మార్చేసింది. కానీ అలవాటెక్కడికి పోతుంది? ఏ పార్సిల్ తెప్పించుకున్నా అడ్రసు కింద ఒకటే రాస్తుంది. బెల్ కొట్టకండి, బాబు పడుకున్నాడు అని. ఆ మాటల్తో వెతుకు."

"దొరికితే ఏం చేస్తావు?"

"దాన్నీ, దాన్ని ఇంట్లో పెట్టుకున్నవాణ్ణీ కలిపి నరుకుతా. నీకెందుకు? వెతుకు."

జనం రాసుకున్న మాటల్లో వెతకమంటే చాలు, ఆ సర్వరుకి మూర్ఛ వస్తుంది. లక్షల పార్సిళ్లు, ఒక్కోదాని కింద ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. అన్నీ ఒకేసారి మింగబోయి, మింగలేక కుప్పకూలుతుంది. వారం నుంచీ ఇదే గోల. పొద్దున మేనేజరు అందరి ముందూ ఆమెని దులిపేశాడు కూడా. ఇవాళ మాత్రం ఆమె, పడిపోవే తల్లీ అని లోపల్లోపల దణ్ణం పెట్టుకుంటూ ఆ మాటలు కొట్టింది.

పడిపోయింది. గోడవారగా స్టిక్కర్లు అచ్చేసే మిషను కూడా గుర్రుమని ఆగిపోయింది.

"సర్వరు పడిపోయిందన్నా. మళ్లీ లేవాలంటే కాస్త టైము పడుతుంది."

అతను కత్తి తిరగేసి, పిడితో ముసలాయన మొహమ్మీద కొట్టాడు. ముక్కు చితికి రక్తం గడ్డం మీదుగా చొక్కాలోకి కారింది.

"నా దగ్గరా నాటకాలు?"

"నాటకం కాదన్నా. ఆయన్నేం చెయ్యకు. మళ్లీ వెతుకుతున్నా."

సర్వరు లేచింది. ఈసారి ఆమె కావాలనే తప్పు చేసింది. వాక్యం మొత్తం మానేసి 'బాబు' అని ఒక్క ముక్క కొట్టింది. బాబు లేని ఇల్లెక్కడుంటుంది? పెద్దవాళ్లు కూడా డెలివరీ కుర్రాణ్ణి బాబూ అనే కదా పిలుస్తూ రాస్తారు. అంత మందిని మొయ్యలేక సర్వరు నిమిషంలో చచ్చింది.

అతను కౌంటరు మీదుగా వంగి చెయ్యెత్తాడు. చెయ్యి పూర్తిగా లేవకముందే ఆమె తల పక్కకి తిప్పేసి, మోచెయ్యి అడ్డం పెట్టేసుకుంది. దెబ్బ గాల్లో పోయింది. అంత చురుకు ఎవరి దగ్గర నేర్చుకుందో కనుక్కునే తీరిక అతనికెక్కడిది? ఆ కసి కూడా ముసలాయన మీదే తీర్చుకున్నాడు. చెవి తెగి కౌంటరు మీద పడింది. ముసలాయన కేక పెట్టాడు.

"ఇంకోసారి అయిందంటే ఈసారి తలకాయే," అన్నాడు అతను.

పొద్దున మేనేజరు తిడుతుంటే, పోన్లే తల్లీ అని టీ చేతికిచ్చింది ఈ ముసలాయనొక్కడే. అటు చూస్తే ముక్కూ మొహం తెలియని ఆడమనిషి, ఆమె ఒళ్లో చంటివాడు. ఎవరో ఒకరు పోక తప్పదు. ఎవరన్నది తన చేతిలో పెట్టినందుకు ఆమెకి అతని మీద పీకల్దాకా కోపం వచ్చింది.

వాక్యం మొత్తం కొట్టింది. తెరని కాస్త తనవైపుకి తిప్పుకుంది.

"దొరికింది," అంది.

"చదువు."

వీధి పేరు, ఇంటి నంబరు, రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమవైపు తలుపు. చీటీ మీద రాసి కూడా ఇచ్చింది. అతను చీటీ జేబులో కుక్కుకున్నాడు.

"ఒక్కతే ఉంటుందా?"

ఆమె మళ్లీ తెర వంక చూసింది.

"పార్సిల్ తీసుకున్న సంతకం మాత్రం మగమనిషిది."

అతను ముసలాయన్ని నేలమీదకి ఒక్క తోపు తోసి, పరుగున వెళ్లి బండెక్కాడు.

ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసి, చున్నీ తీసి ముసలాయన చెవి దగ్గర ఒత్తిపట్టింది. ఆయన ఆమె చేతిని విసిరికొట్టాడు.

"నన్ను చావనివ్వాల్సింది. చంటిపిల్లాడి తల్లిని వాడికి పట్టిస్తావా? పైగా ఆ మగాడి సంగతి ఎందుకెత్తావు? వాడసలే పిచ్చెక్కి ఉన్నాడు."

"ఆవిడకేం కాదు బాబాయ్. సర్వరు మూడోసారీ పడిపోయింది. ఆవిడ అడ్రసు నాకూ తెలీదు."

"మరి వాడికిచ్చిందేమిటి?"

"నోటికొచ్చింది ఇచ్చాను."

"అయ్యో, అక్కడున్నవాళ్ల గతేంటి? ముందు పోలీసులకి చెప్పు," అంటూ ముసలాయన ఫోను కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఫోన్ బోర్లించి, దాని మీద తన చెయ్యి పెట్టింది.

"ఒక అరగంట ఆగి చేద్దాం బాబాయ్. అది మా ఇల్లే, పగలు మా ఆయన ఒక్కడే పడుకునుంటాడు."