ఒక అంకె తప్పు

గ్రైండరు కంపెనీ తరఫున జనార్దన్ అనే అతను బాపట్లలోని మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పబోతుంటే వద్దన్నాను.

"వేసుకునే రా బాబూ."

"వంటింట్లోకాండీ?" మొహమాటపడుతూనే వచ్చాడు.

అమ్మేసిన గ్రైండర్లన్నిటి మీదా ఐఎస్ఐ మార్కు దగ్గర నంబరులో ఒక అంకె తప్పు పడిందట. తెనాలి, రేపల్లెల్లో కూడా ఇల్లిల్లూ తిరిగి కొత్త స్టిక్కర్లు అంటించాడట.

"అంకె తప్పితే పరిగెత్తుకొచ్చారు. షాక్ కొడుతోందని పదిసార్లు ఫోన్ చేస్తే ఒక్కరూ కదల్లేదేం?"

"అది సర్వీసు వాళ్ల పనండి. నాది స్టిక్కరు వరకే."

వంకర లేకుండా అంటించి, ఫొటో తీసుకుని, "ఇక అంతా కరెక్టేనండి" అన్నాడు.

"అయితే చెప్పులు విప్పి ముట్టుకో బాబూ," అంటూ స్విచ్ వేశాను.

వంటింట్లోకి చెప్పులతో రావడానికి అంత మొహమాటపడ్డ మనిషి, ఇప్పుడు విప్పమన్నా విప్పలేదు.