పక్కులు రాలేదాకా

బెల్లు మోగిన చాలాసేపటికి ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి తలుపు తీసింది.

గుమ్మంలో భర్త. తలకు నల్లటి పట్టీ, మెడకు గాలి దిండు, చేతిలో మందుల సంచి. జుట్టు నాటించుకోవడానికి పొద్దున ఏడింటికి క్లినిక్కుకు వెళ్లినవాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"మెల్లగా రండి. పై కమ్మీ తగులుతుంది," అంది.

"రెండు వేల ఎనిమిది వందల వెంట్రుకలు," అన్నాడు కుర్చీలో జాగ్రత్తగా కూలబడుతూ. "ఒక్కొక్కటే వెనక నుంచి పీకి ముందు నాటారు. కాసేపు బోర్లా, కాసేపు వెల్లకిలా. పగవాడికి కూడా వద్దు ఈ కష్టం."

అతని బూట్లు విప్పడానికి వంగబోయి ఆమె ఆగింది. నెమ్మదిగా నేల మీద కూర్చుని విప్పింది.

అతను సంచిలోంచి కాగితం తీసి చదివాడు. "పదిరోజులు వంగకూడదు. బరువులెత్తకూడదు. గట్టిగా దగ్గకూడదు, ముక్కకూడదు..."

"తెలుసు. నాకూ చెప్పారు."

కాగితం ఆమె చేతిలో పెట్టి అతను కళ్లు మూసుకున్నాడు.

మర్నాటి నుంచి ఇల్లంతా అతని తల చుట్టూ తిరిగింది. నాటినచోట గంటకోసారి ఉప్పునీళ్లు చిలకరించాలి. వేలితో తాకకూడదు. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఇక్కడ నారు పోసినవాడు క్లినిక్కులోనే ఉండిపోయాడు, నీరు పోయడం ఆమె వంతుకొచ్చింది.

పడుకుంటే తల ఎత్తులో ఉండాలని ఇంట్లో ఉన్న దిండ్లన్నీ అతని మంచం మీదికి చేరాయి. మంచినీళ్ల డబ్బా వచ్చిన రోజు దాన్ని ఎత్తే వీలు ఎవరికీ లేక, ఆమె వంటింటి దాకా కాలితో దొర్లించుకుంటూ వెళ్లి, చెంబుతో తోడి బిందె నింపింది.

మూడోరోజు వాపు నుదుటి మీంచి కళ్లలోకి దిగింది. అద్దం చూసుకుని అతను బెంబేలెత్తిపోయాడు.

"కన్నూ ముక్కూ ఏకమైపోయాయి. అసలిది నేనేనా?"

"మీరే. గురకను బట్టి పోల్చుకున్నాను," అంది ఆమె, ఐసుముక్కలు గుడ్డలో చుడుతూ.

ఆ మధ్యాహ్నం అతని అక్క వచ్చింది. తమ్ముడి పక్కన కూర్చుని ముఖమంతా పరిశీలనగా చూసి, "ఎంత చిక్కిపోయావురా!" అని కళ్లొత్తుకుంది. తర్వాత వంటింట్లోకి వచ్చింది.

"మగాళ్లు నొప్పికి ఆగలేరమ్మా. మనకైతే అలవాటే. నువ్వే కాస్త ఓపిక చేసుకోవాలి."

"చేసుకుంటున్నాను వదినా."

"చేసుకోక తప్పుతుందా! ఇంకో కప్పు టీ ఉందా?"

ఐదోరోజు తల కడగడం మొదలైంది. అతను స్నానాల గదిలో స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె వెనక నిలబడి పసిపిల్లల షాంపూ నురగను దూదిలా అద్ది, పక్కులు నానాక చెంబుతో సన్నని ధారగా నీళ్లు పోసేది. అరగంట పని. సగంలో ఒకరోజు ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"చెయ్యి ఆగిందేం?"

"నురగ నానాలిగా," అంది, ఊపిరి తీసుకుని.

ఎనిమిదోరోజు ఆమె చెల్లెలు ఫోన్ చేసింది.

"ఎలా ఉందక్కా?"

"వాపు తీసింది. పక్కులు ఊడటం మొదలైంది."

"బావ సంగతి కాదు, నీ సంగతి చెప్పు."

"నాకేం, తిరుగుతున్నాను."

"నేను రానా నాలుగు రోజులు?"

"ఎందుకే? బావ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారుగా."

కుక్కరు కూత వేయడంతో ఇద్దరూ ఫోన్ పెట్టేశారు.

పదకొండోరోజుకు పక్కులు తువ్వాలులో గోధుమరంగు పొట్టులా రాలాయి. వాటితో పాటు కొన్ని వెంట్రుకలూ వచ్చాయి. అతను గోల పెట్టాడు. ఆమె కాగితం తెచ్చి, అవి రాలి మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయని రాసున్న చోట వేలు పెట్టి చూపించింది. అతను కుదుటపడ్డాడు. ఫోనులో రోజుకొకటిగా తీసుకున్న తల ఫొటోలు వరసగా చూశాడు. ఎర్రటి చుక్కలు, నల్లటి పక్కులు, చివరికి లేత గులాబీ రంగు చర్మం.

"ఎంత చక్కగా మానిందో చూడు," అన్నాడు.

"బాగా మానింది."

"అంతా నీ చేతి చలవ. నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు లేవలేదు.

పదహారోరోజు అతను వదులు టోపీ పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఎవరో టోపీ ఏమిటంటే పొక్కులు లేచాయన్నాడు. మేనేజరు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు.

"బాగా నలిగిపోయావయ్యా."

"ఏం చెప్పమంటారు సార్. పదిహేను రోజులూ కంటినిండా నిద్ర లేదు."

"ముఖమే చెబుతోందిలే. ఎంతమంది చేస్తారయ్యా నీలాగా!" అంటూ మేనేజరు ఫైల్లోంచి సెలవు చీటీ తీసి, సంతకం పెట్టే ముందు అతను రాసిన కారణాన్ని మెచ్చుకోలుగా పైకి చదివాడు: "నా భార్యకు గర్భసంచి తొలగించే ఆపరేషన్ జరిగింది, ఆమెను మంచం దిగనివ్వకుండా చూసుకోవడానికి ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు."