సీమ నిలబెట్టు

“సీమ నిలబెట్టు! సీమ నిలబెట్టు!”

బౌండరీ దగ్గర ఎవరో పెద్దాయన గొంతు చించుకుంటున్నాడు.

బంతి వేయబోతున్న వెంకటరాజు ఆగిపోయాడు.

మనవాళ్లు ప్రపంచకప్పు గెలిచిన మరుసటి ఏడాది అది. కువైట్‌లో ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు వికెట్లు పాతేసేవారు. ఆ శుక్రవారం ఫహాహీల్ బస్టాపు ఎదురుగా ఉన్న ఇసుక మైదానంలో గోదావరి వాళ్లకూ, రాయలసీమ వాళ్లకూ పోటీ.

“ఎవర్రా ఆయన? మన పక్కన నిలబడి ఆళ్ల సీమని నిలబెట్టమంటన్నాడు!” అన్నాడు కెప్టెన్ సోమేశ్వరరావు.

“ఆళ్ల తాలూకే అయ్యుంటాడండి. వదిలెయ్యండి.”

అన్నాడు గాని, వెంకటరాజుకు ఒళ్లు మండిపోతోంది.

అల్ రాయ్‌లో అతను పనిచేసే గోదామును, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ అమ్మేశాడు. ఈ నెలాఖరుతో ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఖలాస్. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే విమానం ఎక్కాల్సిందే.

ఫహాహీల్‌లో ఒక కంపెనీకి క్రికెట్ జట్టుంది. దానికి బౌలరు కావాలి. జట్టులోకి తీసుకుంటే స్టోర్సులో ఉద్యోగమిస్తారు. ఆ కంపెనీ మేనేజరు సంజీవరావు ఈ పూట ఆట చూడ్డానికి వస్తానని కబురు పంపాడు.

వెంకటరాజు పళ్లు బిగించి బంతి విసిరాడు. అది గీత గీసినట్టు నేరుగా వెళ్లింది. బ్యాట్స్‌మన్ దాన్ని రోడ్డు మీదికి కొట్టాడు.

“అట్ల గాదబ్బా! సీమ నిలబెట్టు!”

వెంకటరాజు విసవిసా ఆయన దగ్గరికి నడిచాడు.

“ఏవండి, మీదేవూరండి?”

“రాయచోటి.”

“అనుకున్నా!” అన్నాడు వెనకే వచ్చిన సోమేశ్వరరావు.

“మీ సీమని నిలబెట్టుకోవాలంటే అటేపెల్లి అరవండి. మా చెవుల్లో కాదు,” అన్నాడు వెంకటరాజు.

“నేను చెప్తాండేది నీకే నాయనా.”

“ఆహా! మీ సీమని నేను నిలబెట్టాలాండి? ఎల్లండెల్లండి.”

“పోను.”

“ఏంటీ?”

“పోనంటే పోను. నువ్వు సీమ పడేస్తాండావు. చూస్తా ఊరుకోవల్లనా?”

“పడెయ్యడానికేగాండి మేం వచ్చింది!” అన్నాడు సోమేశ్వరరావు.

అందరూ గొల్లున నవ్వారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆయన్ని రోడ్డు వరకూ తోసుకెళ్లారు.

ఆయన పక్కన తడి గోనెపట్టా చుట్టిన నీళ్లడబ్బా ఒకటుంది. దాన్ని అక్కడే వదిలేశాడు.

“ఎండ మండతాంది. తాగండి,” అని, రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డాడు.

నిలబడి మళ్లీ మొదలుపెట్టాడు.

“అక్కణ్ణుంచి కూడా ఎల్లండి!” అని కేకేశాడు సోమేశ్వరరావు.

“రోడ్డు గూడా మీ టీముదేనా!” అని అటునుంచి జవాబు వచ్చింది.

అప్పుడే తెల్లకారొకటి వచ్చి మైదానం పక్కన ఆగింది. సంజీవరావు దిగాడు.

ఆయన చూస్తుండగానే వెంకటరాజు బంతులు వరసగా రెండు బౌండరీ దాటాయి. రాయలసీమ జట్టు గెలుపు అంచుకు వచ్చేసింది.

రోడ్డవతలి మాటల్ని గాలి ముక్కలు ముక్కలుగా మోసుకొస్తోంది.

“ఊరు గాదు నాయనా... కుట్టు... కుట్టు...”

“ఇప్పుడు కుట్టమంటన్నాడు. మనం తేళ్లలా కనపడతన్నామేమో!” అన్నాడు సోమేశ్వరరావు.

వెంకటరాజు నవ్వలేదు. చేతిలోని బంతి వైపు చూశాడు.

ఎర్రతోలు నడుమ తెల్లదారం కుట్టు. వేలికి గట్టులా తగులుతోంది. ఇన్నాళ్లూ బంతిని ఎలా అందితే అలా పట్టుకుని విసిరేశాడు.

రేడియో కామెంటరీలో విన్న మాటొకటి చటుక్కున తట్టింది. సీమ్!

“ఓరి నాయనో! ఆయన చెప్పేది ఈ కుట్టు గురించండి!”

రెండు వేళ్లూ కుట్టుకు అటూ ఇటూ ఆనించాడు. కుట్టు నిటారుగా నిలబడేలా పట్టి, మణికట్టు వంచకుండా వదిలాడు.

పిచ్ మీద పరిచిన మ్యాట్‌కు కుట్టు తగిలింది. నేరుగా పోవాల్సిన బంతి చివుక్కున లోపలికి తిరిగి వికెట్టు ఎగరగొట్టింది.

మరుసటిది బయటికి తిరిగింది. ఎటు తిరుగుతుందో వేసినవాడికే తెలియనప్పుడు కొట్టేవాడికేం తెలుస్తుంది?

మిగిలిన వికెట్లు టపటపా రాలిపోయి గోదావరి గెలిచింది.

వెంకటరాజు రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తాడు. బస్టాపు ఖాళీగా ఉంది.

తిరిగొచ్చేసరికి నీళ్లడబ్బా కూడా ఖాళీ. చివరి గుక్క సోమేశ్వరరావే తాగాడు.

తర్వాతి శుక్రవారాలు అందరికన్నా ముందే వెళ్లి చూశాడు. పెద్దాయన రాలేదు.

కాగితాల పని పూర్తయి ఉద్యోగంలో చేరిన రోజు, సంజీవరావు స్టోర్సులో ఒక కుర్చీ చూపించాడు.

“సార్, ఒక్క మాటండి. ఆరోజు బస్టాపులో నిలబడి అరిచారు చూడండి, రాయచోటి పెద్దాయన. ఆయన మీకేవన్నా తెలుసాండి? కాళ్లు పట్టుకోవాలండి నేను.”

“అల్లాబకషా? మొన్ననే రాయచోటికి వెళ్లిపోయాడు.”

“మీ మనిషాండి!”

“మా బౌలరయ్యా. ఇన్నేళ్లూ ఆ కుర్చీలో కూర్చున్నది ఆయనే. మోకాళ్లు అరిగిపోయి ఆడలేకపోయాడు.”

వెంకటరాజు కుర్చీ మీద వేసిన చెయ్యి తీసేశాడు.

“అయితే... మీరే పంపేశారాండి?”

సంజీవరావు తల అడ్డంగా ఊపాడు.

“ఇంకో బౌలరు దొరికేదాకా ఈ ఉద్యోగం నీదేనని మాటిచ్చాను. ఆడకుండా తినే కూడు నాకొద్దు సార్ అన్నాడు. ఆ బౌలర్ని వెతికిపట్టి, వచ్చి చూడమని నా వెంటపడింది కూడా ఆయనే.”