మౌస్ దగ్గుతోంది

"మౌస్ దగ్గుతోందట!"

ఫోను అరచేత్తో మూసి, రూలోఫ్ గదంతా వినబడేలా ప్రకటించాడు.

పదిమందీ గొల్లున నవ్వారు. నవ్విన ప్రతి నోటిలోనూ మౌస్‌లే ఉన్నాయి.

అది 1996. ఆ పరిశోధనశాలలో పనిచేసే వీటెకెకి ఆడపిల్ల పుట్టి ఏడు వారాలైంది. ఆనవాయితీ తప్పకుండా రస్కుల మీద వెన్న పూసి, గులాబీ రంగు సోంపు పలుకులు చల్లి అందరికీ పంచడానికి వచ్చింది. ఆ పలుకుల్ని డచ్చివాళ్లు చిట్టి మౌస్‌లంటారు. మౌస్ అంటే వాళ్ల భాషలోనూ ఎలుకే.

"ఎవరు, వుబ్బెయేనా?" అంది వీటెకె.

"ఇంకెవరు? పేరులోనే ఉబ్బసం పెట్టుకున్న మనిషి. దగ్గు తప్ప ఇంకేం వినిపిస్తుంది?"

వుబ్బె కింది అంతస్తులో ఎలుకల పెట్టెలు కడిగే ముసలాయన. ముప్పై ఐదేళ్లుగా కడుగుతున్నాడు. మాట్లాడటం తక్కువ, తోమటం ఎక్కువ.

వాళ్లు నవ్వడానికి కారణం ఉంది. అక్కడ కోరింత దగ్గు టీకాలని ఎలుకల మీద పరీక్షిస్తారు. కొన్నింటికి పాత టీకా, కొన్నింటికి కొత్త టీకా వేసి, ఎం-61 అనే క్రిమిని ముక్కులోకి వదులుతారు. ఏ టీకా ఎంత కాపాడిందో రక్తం తీసి లెక్క కడతారు. టీకా పడని ఎలుక చిక్కిపోతుంది, రొప్పుతుంది, చస్తుంది. దగ్గదు. ఎలుకకి దగ్గడం చేతకాదు. ఉద్యోగంలో చేరినరోజు నేర్పే మొదటి పాఠం అదే.

రెండో పాఠం, ఎం-61లో ఎం అంటే మౌస్ అని. ఎలుకలకి మప్పిన రకం కాబట్టి ఆ పేరట. టీకాలు తెలిసిన పండితులే అందరూ, ఆ పేరుకి తాత్పర్యం వెతికినవాడు ఒక్కడూ లేడు.

వీటెకె నవ్వాపుకుంటూ ఫోను అందుకుంది.

"పెద్దాయనా, ఎలుకలు దగ్గవండీ."

"ఇది దగ్గుతోంది డాక్టరమ్మా. ఊపిరి తీసుకోకుండా దగ్గి దగ్గి, చివర్న కూత పెట్టింది. ఇవాళే డాక్టరుకి చూపించండి."

"నేనూ డాక్టర్నేగా!"

"మీరు కాదు. మనుషుల డాక్టరుకి."

ఈసారి నవ్వు ఆగలేదు.

"సరే, చూపిస్తాలెండి. ఇంతకీ ఏ మౌస్?"

"కిటికీ పక్కన పడుకున్నది. నేను లోపలికి వెళ్లిపోవాలి, సాయంత్రం దాకా బయటికి రాలేను. మర్చిపోకండి తల్లీ."

రోగపు ఎలుకల గదిలోకి అడుగుపెడితే, పని ముగించి, స్నానం చేసిగాని బయటికి రానివ్వరు.

ఫోను పెట్టేసి, కిటికీ సంగతి చెప్పింది.

"ఎలుకల గదులకి కిటికీలెక్కడివి?" అన్నాడు రూలోఫ్. "ముసలాయనకి చెవులు పోయాయనుకున్నా, కళ్లు కూడా పోయాయి."

రూలోఫ్ పేరులోనే కాదు, ఒంట్లోనూ రూళ్లే. ఆరోజే పైవాళ్లకి కాగితం రాశాడు. వారం తిరక్కుండా వుబ్బెకి ఒక పూలగుత్తి ఇచ్చి, ఇక ఇంట్లో ఉండమన్నారు.

ఫోను వచ్చిన ఆ మధ్యాహ్నం వీటెకె కిందికి దిగింది. కాఫీగదిలో, కిటికీ పక్కన, తోపుడుబండిలో పాప నిద్రపోతోంది. ముక్కు కాస్త కారుతోంది. జలుబనుకుని తుడిచింది.

ఇంట్లో అప్పుడప్పుడు చిన్నగా దగ్గితే, అదీ జలుబే అనుకుంది. పదో రోజున పాప నీలంగా మారింది.

ఆస్పత్రిలో, గాజుపెట్టెలో, పాప దగ్గింది. ఐదు, పది, పదిహేను. మధ్యలో ఊపిరి లేదు. చివర్న ఒక కూత.

"ఏమిటా శబ్దం?" అనడిగింది వీటెకె.

"కోరింత దగ్గమ్మా," అంది నర్సు. "ఎప్పుడూ వినలేదా?"

వినలేదు. ఎనిమిదేళ్లుగా ఆ దగ్గు మీదే పనిచేస్తోంది. ఎలుకలు దగ్గవు.

"వారం ముందు తెచ్చి ఉంటే..." అని డాక్టరు మధ్యలో ఆగిపోయాడు.

ఆ టీకా మూడో నెలలో వేస్తారు. పాప మూడో నెల చూడలేదు.

ఖననం అయిన మర్నాడు వీటెకె వుబ్బె తలుపు తట్టింది.

"పాప అని ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన తెల్లబోయాడు. "చెప్పాను కదమ్మా. చంటిపిల్లని మౌస్ అనే కదా అంటాం. మీ అమ్మ మిమ్మల్ని ఏమనేది?"

వీటెకె తలదించుకుంది. వాళ్లమ్మా అలాగే పిలిచేది.

"ఆ దగ్గు మీకెలా తెలుసు?"

ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"ఎం-61 పాత పుస్తకం ఉంటుంది. మొదటి పేజీ చూడండి," అని నెమ్మదిగా తలుపు వేసేశాడు.

సోమవారం కాఫీ వేళకి అందరూ చేరారు. రస్కుల డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఆరోజు ఆయన ఎలుక గురించి చెప్పలేదు," అంది వీటెకె. "మౌస్ అన్నది నా కూతుర్ని."

రూలోఫ్ కప్పు కింద పెట్టాడు.

"మనకి వినబడనిది పెట్టెలు కడిగే మనిషికి ఎలా..." అన్నాడు రూలోఫ్, గొంతు తగ్గించి.

వీటెకె అటకమీది పుస్తకం దుమ్ము దులిపి, మొదటి పేజీ తెరిచి, వాళ్ల ముందుకి తోసింది.

అందులో వెలిసిపోయిన సిరాతో ఇలా ఉంది: "ఎం-61. 1961లో చనిపోయిన రెండు నెలల ఆడపిల్ల గొంతునుంచి తీసినది. ఇంట్లో పిలిచే పేరు మౌస్, తండ్రి పేరు వుబ్బె, ఇక్కడే ఏదైనా పని ఇప్పించమని అడుగుతున్నాడు."