పెద్దమ్మ ఎదురుచూపు

బ్రాంక్స్‌లోని సెలూన్‌లో ఎవరికో సన్నజడలు అల్లుతుంటే, అరాబాకు ఘనా నుంచి అన్న ఫీఫీ ఫోన్ చేశాడు. తల్లిలా పెంచిన పెద్దమ్మ పోయి మూడు నెలలైంది. దూరాన ఉన్న బిడ్డ వచ్చేదాకా శవాన్ని మార్చురీలో ఉంచడం వాళ్ల ఆనవాయితీ.

"బయటికి వెళ్లడానికి పర్మిషన్ వచ్చిందా చెల్లీ?"

"ఇంకా లేదన్నయ్యా. అది లేకుండా దేశం దాటితే గ్రీన్‌కార్డు మీద ఆశ వదులుకోవాల్సిందే."

అబద్ధం. పర్మిషన్ వచ్చి నెలయింది. అదున్నా సరే, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపొచ్చని ఎవరో అన్నారు. ఆ భయంతో ఆమె కదల్లేదు.

"నా మూలంగా పెద్దమ్మ ఇంకా ఐసులోనే ఉంది. అందరూ తిడుతున్నారు కదూ?" అంది.



"తిట్టాల్సింది నన్ను. పెద్దమ్మని వారంలోపే పూడ్చేశాం చెల్లీ. పోయేముందు ఆవిడే ఒట్టేయించుకుంది. 'పూడుస్తున్నారని తెలిస్తే ఆ పిచ్చిది పర్మిషన్ లేకపోయినా పరుగెత్తుకొస్తుంది. అక్కడ దాని బతుకు పాడవుతుంది. నేనింకా ఆగే ఉన్నానని చెప్పండి' అంది. పూడ్చిన రోజు బంధువుల మధ్య నీ కుర్చీ కూడా వేశాం. సంతాపానికి కట్టుకోమని అందరికీ తీసిన నల్లబట్టలో నీ ముక్క దాని మీద కప్పాం."

అరాబా చేతిలో జడ సగంలో విడిపోయింది.

"ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పా. క్షమిస్తావా?"

నిజం గొంతుదాకా వచ్చింది.

"ఫరవాలేదన్నయ్యా," అంది అరాబా. "పర్మిషన్ రాగానే వస్తా."