ఆరింటి పాట

ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాక గానీ మెకానిక్ కసి తీరలేదు. డాబా మీద మోగుతున్న పాట ఠక్కున ఆగిపోయింది.

నెల రోజుల క్రితం డాబా మీది రెండు గదుల్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఆవిడ భర్త అద్దెకు దిగారు. ఆనాటి నుంచీ పొద్దున ఆరయ్యిందంటే స్పీకరు మొదలు. అరగంట పాటు అదే పాట, మళ్ళీ మళ్ళీ. మెకానిక్ భార్య నర్సు. రాత్రి డ్యూటీ చేసి ఐదున్నరకు ఇల్లు చేరి ఇలా కునుకు తీస్తుందో లేదో, అలా నెత్తి మీద మోత. తల పగిలిపోతోందని ఆమె దిండు కింద మొహం దాచుకుంటుంటే అతనికి ఒళ్ళు మండిపోయేది. రెండుసార్లు టీచరమ్మకు చెప్పి చూశాడు. ఆవిడ సౌండు కాస్త తగ్గించింది గానీ మానలేదు. మూడోసారి అతను పైకి వెళ్ళలేదు, కిందికి, మీటర్ల గదికి వెళ్ళాడు.

వరసగా నాలుగు రోజులు అదే పని. అరగంట పోయాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ పెట్టేసేవాడు. ఐదో రోజు టీచరమ్మ ఆ స్పీకరును చంకన పెట్టుకుని నేరుగా అతని రిపేరు షాపుకే వచ్చింది.

"ఇది ప్లగ్గులో పెడితేనే పాడుతుంది బాబూ. కరెంటుతో పని లేకుండా బ్యాటరీ అమర్చివ్వు. ఎవడో పనిలేనివాడు రోజూ మా ఫ్యూజు పీకేస్తున్నాడు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఒక పూట పాట లేకపోతే కొంపలేం మునిగిపోవు కదమ్మా" అన్నాడు.

"పొద్దున నేను పాలకెళ్తాను. ఈ నాలుగు రోజులూ అదీ మానుకున్నాను. ఆయన నడక దీంతోనే. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు."

పాట లేనిదే మహారాజు గారికి అడుగు పడదు కాబోలు అనుకున్నాడు మెకానిక్. సాయంత్రం రమ్మని పంపేశాడు.

స్పీకరు వెనక మూత విప్పాడు. అడాప్టరు నుంచి లోపలికి వెళ్ళేది పన్నెండు వోల్టులు. మూడు సెల్స్ వరసగా కలిపి, వాటిని కాపాడేందుకో చిన్న బోర్డు, చార్జింగుకో సాకెట్టు పెడితే సరిపోతుంది. కొత్త సెల్స్ చేతికందే దూరంలోనే ఉన్నాయి. చెయ్యి అటు వెళ్ళింది. అంతలో దిండు కింది మొహం గుర్తొచ్చి, బల్ల కింద డబ్బాను కాలితో ముందుకు లాగాడు. అందులో ఉన్నవి పాత లాప్‌టాప్‌లలోంచి తీసిపారేసిన సెల్స్. నిండా చార్జి చేసినా పది నిమిషాలు లాగితే గొప్ప. ఇరవై ఏళ్ళలో తెలిసి తెలిసి ఎవరికీ చచ్చిన సెల్ వెయ్యలేదు. ఆ రోజు వేశాడు.

సాయంత్రం ఆవిడ వచ్చి చార్జి ఎంతసేపు వస్తుందని అడిగింది. తలెత్తకుండానే రెండు గంటలన్నాడు.

"నీ మాట మీదే రేపు ఆయన్ని వదిలి పాలకెళ్తాను మరి" అని, సంబరంగా పట్టుకెళ్ళింది.

మర్నాడు ఆరింటికి పాట మొదలైంది. ఆ మహారాజు మొహం మాడిపోవడం కళ్ళారా చూద్దామని మెకానిక్ వాచీ చూసుకుంటూ డాబా ఎక్కాడు. స్పీకరు గది గుమ్మం దగ్గర స్టూలు మీద ఉంది. టీచరమ్మ లేదు. ఆవిడ భర్త ఛాతీ విరుచుకుని తీరిగ్గా నడుస్తున్నాడు. అవతలి కొస దాకా వెళ్ళడం, మళ్ళీ గుమ్మం దగ్గరకు రావడం. కింద తన పెళ్ళాం అల్లాడుతుంటే ఇక్కడీ విలాసం. మెకానిక్ పళ్ళు కొరుక్కున్నాడు.

ఎనిమిదో నిమిషంలో పాట ఆగిపోయింది.

అవతలి కొసన పెద్దాయన నిలబడిపోయాడు. తల అటూ ఇటూ తిప్పాడు. ఒకడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు. మోకాలెత్తు పిట్టగోడ తగిలి మనిషి ముందుకు తూలాడు.

మెకానిక్ ఒక్క ఉదుటున ఉరికి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. భయానికి నెల రోజుల కోపమూ తోడై అరిచాడు.

"ఏమయ్యా, కళ్ళు కనబడట్లేదా?"

"కనబడవు బాబూ."